ఫ్రాంకా పాత్ర ఎవరికి?

రియెకా, అక్టోబరు

ప్రియమైన లివియోకి,

నీ ఓడ ఏ సముద్రంలో ఊగుతోందో తెలీదు గానీ, ఇక్కడ మన చేపల బజారు మాత్రం తుఫానులో ఉంది. విషయం వింటే నువ్వూ నా అంత మండిపడతావనే నమ్మకంతో రాస్తున్నాను.

మనిద్దరం సోఫాలో కాళ్ళు ముడుచుకుని మూడు సీజన్లు చూసిన "తొమ్మిదో రేవు" ఉందే, దాని నాలుగో సీజన్‌లో ఫ్రాంకా పాత్ర నుంచి అలెమ్కాని తీసేస్తున్నారట! పగలు చేపలమ్ముతూ, చాటున రేవంతటి దొంగసరుకునీ నడిపే ఫ్రాంకా! అలెమ్కా లేకపోతే ఆ సీరియల్లో మిగిలేదేముంది, క్రేన్లూ సీగల్ పిట్టలూ తప్ప? వేసవిలో ఆవిడ గొంతుకి ఆపరేషన్ అయిందట. మాట తిరిగి రాలేదట. ఆవిడ బదులు రాజధాని జాగ్రెబ్ నుంచి తేసాని తెస్తున్నారని పుకారు. అదే, షాంపూ ప్రకటనలో జుట్టు విదిలించే తేసా.

పొద్దున్నే ఫూమిత్సా పక్క బల్ల మీంచి అరిచింది: "ఏమే నేవియా, విన్నావా? మన ఫ్రాంకా ఇక నుంచి గోళ్ళరంగుతో సార్డీన్ చేపలు తోముతుందట!"

"తోమనీ చూద్దాం. మన యాస పలకమను ముందు. నాలుక మడతపడి ఆసుపత్రిలో చేరుతుంది" అన్నాను.

నవ్వారు గానీ ఎవరూ కదల్లేదు. నేను ఊరుకోను లివియో. నెట్‌లో సీరియల్ అభిమానుల పేజీలో "అలెమ్కా లేనిదే ఫ్రాంకా లేదు" అని రాసి మొదలుపెట్టాను. సాయంత్రానికి సగం ఊరు నా వైపు, సగం ఊరు నా మీదికి.

రాటర్‌డామ్‌లో ఆగినప్పుడు ఫోన్ చేస్తావనుకున్నాను. చెయ్యలేదు. ఉత్తరాలు బాగానే ఉన్నాయి, పెళ్ళికి ముందు రోజుల్లా ఉంది. కానీ నీ గొంతు విని చాలా రోజులైంది.

నీ,
నేవియా

*

సాంతోస్ రేవు, నవంబరు

ప్రియమైన నేవియా,

కంపెనీ ఏజెంటు నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. చేతులకున్న నూనె తుడుచుకోకుండానే విప్పాను, అందుకే మరకలతో మడిచి దాచుకున్నాను.

నీకు కోపం వచ్చినా సరే, నేను నీ వైపు కాదు.

అలెమ్కా గొప్ప నటి, కాదనను. అయితే నటికి గొంతే పనిముట్టు. అది పోయాక ఇంకా వేలాడ్డం ఎందుకు? ఇంజను గదిలో పంపు పాడైతే కొత్తది బిగిస్తాం. పాతది మంచిదని సభ పెట్టుకుని కూర్చోం. ఈ మాటే భోజనాల దగ్గర అంటే మన వంటవాడు బెపో గరిటె పట్టుకుని నా మీదికొచ్చాడు. "తేసా ఫ్రాంకా అయితే ఈ ఓడలో ఒక్కడికీ నేను సూపు పొయ్యను!" అన్నాడు. కెప్టెన్ నా పక్షం. పాత సీజన్లు మళ్ళీ వేసుకుని చూస్తూ గొడవపడుతున్నాం. నిజం చెప్పనా, అలెమ్కా గొంతు మూడో సీజన్లోనే పీలగా అయిపోయింది. తెర కింద వచ్చే అక్షరాలు చదువుకుంటే తప్ప అర్థం కావడం లేదు.

ఇక్కడ సిగ్నలు దొరికినప్పుడు మీ పేజీలో నేనూ నాలుగు ముక్కలు రాశాను, నా పేరుతోనే. చూసి అలగకు. ఫోన్ సంగతంటావా, లైను బాగుండదు, అరుచుకోవడమే అవుతుంది. ఉత్తరమే మేలు.

బెపో నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

నీ,
లివియో

*

రియెకా, నవంబరు

ప్రియమైన మొండివాడికి,

చూశాను, నువ్వు రాసింది. నేనే కాదు, ఊరంతా చూసింది. "గొంతు పోయినవాళ్ళు గౌరవంగా తప్పుకోవాలి. జాలిపడి వేసిన కుర్చీలో కూర్చునే బదులు ఇంట్లో కూర్చోవడం మేలు." ఇంత కటువుగా రాయడం నీకెప్పుడు వచ్చింది లివియో? బల్ల దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ ఫూమిత్సా అదే చదివి వినిపిస్తోంది. "మొగుణ్ణి ఒప్పించలేనిది దర్శకుణ్ణి ఒప్పిస్తుందట!" అని ఒకటే నవ్వు. మూడో సీజన్లో గొంతు పీలగా ఉందంటావా? గంట మోగినట్టుంటే! నీతో వాదించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

పేజీలో కొట్టుకుంటూ కూర్చుంటే పనవదని నేనే బస్సెక్కి లోవ్రాన్ వెళ్ళాను, అలెమ్కా ఇంటికి. చేతిలో ఓ సంచెడు సార్డీన్లు. తలుపు తీసి, మెడకు చుట్టిన కండువా సర్దుకుని, తల అడ్డంగా ఊపింది. వెళ్ళిపొమ్మని.

"అభిమానిగా రాలేదండీ. చేపలు తెచ్చాను. శుభ్రం చేసిచ్చి పోతాను" అన్నాను. చేపలతో వచ్చిన మనిషిని ఎవరు పొమ్మంటారు?

వంటగదిలో నేను చేపలు కోస్తుంటే ఆవిడ కుర్చీలో కూర్చుని చూసింది. సగం చేపలయ్యాక ఏదో అంది. వినపడక చెయ్యి ఆపి వంగాను. మళ్ళీ అంది. గాలిలా ఉంది, అంతే.

"గొంతు లేని ఫ్రాంకాకి ఎవరు భయపడతారమ్మా?"

లివియో, కత్తి నా చేతిలో ఉంది, వంగింది మాత్రం నేను! ఊపిరి బిగబట్టి, ఆవిడ నోటి దగ్గరికి చెవి పెట్టి నిలబడ్డాను. ఆ సంగతే చెప్పాను. "అరిచే ఫ్రాంకా ముందు మగాళ్ళు నిలబడి వాదించేవాళ్ళు. ఇలా మాట్లాడే ఫ్రాంకా ముందు వంగక చస్తారా? వంగినవాడి మెడ మీకెంత దగ్గరో చూడండి" అన్నాను.

ఆవిడ చేప వంక చూసింది, నా వంక చూసింది. భుజాలు కదిలాయి. నవ్వని తర్వాత తెలిసింది.

వచ్చే వారం దర్శకుడు వెద్రాన్ రేవు గోదాములో పాత్రలకి నటన పరీక్షలు పెడుతున్నాడు. అలెమ్కా వస్తానని మాటిచ్చింది. నువ్వు ఏమన్నా అను, నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను.

కోపంగానే, నీ,
నేవియా

*

రియెకా, నవంబరు నెలాఖరు

లివియో,

ఈసారి "ప్రియమైన" అని రాయబుద్ధి కావడం లేదు.

అలెమ్కా రాలేదు. గోదాము ముందు, కొండల మీంచి దిగే బూరా చలిగాలిలో కండువా ఎగిరిపోతుంటే నిలబడి ఎదురుచూశాను. చివరికి బస్సెక్కి మళ్ళీ ఆవిడ ఇంటికే పోయాను. తలుపు తీయలేదు. కిటికీలోంచి ఫోన్ చూపించింది. దానిలో నీ మాటలు. ఎవరో ఆవిడకి పంపారు. వేలమంది మెచ్చుకున్న ఆ నాలుగు ముక్కల కింద వేలు పెట్టి, అద్దానికి అవతల నుంచి పెదాలు కదిపింది. "ఈ నావికుడు నిజం చెప్పాడు."

ఆ నావికుడు నా మొగుడని ఆవిడకి తెలీదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తేసాకి పాత్ర ఖాయమైందని రాత్రికల్లా పేపరు వాళ్ళు రాసేశారు. ఫూమిత్సా కూడా ఇవాళ నవ్వలేదు.

నేను మాత్రం వదలను. పేపరు వాళ్ళు ఏం రాసినా, మిగతా పాత్రల కోసం పరీక్షలు డిసెంబరు నెలాఖరు దాకా సాగుతాయట. ఇవాళ కాకపోతే రేపు, మళ్ళీ లోవ్రాన్ వెళ్తాను. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. నీకు ఏ చెడూ చెయ్యని మనిషిని అంతగా గుచ్చాల్సిన అవసరం ఏమొచ్చింది? నాకు తెలిసిన లివియో చెడిపోయిన గొడుగును కూడా పారేయనివ్వడు. ఆ లివియో ఎక్కడున్నాడో కనుక్కుని జవాబు రాయించు.

నేవియా

*

లాస్ పాల్మాస్, డిసెంబరు

ప్రియమైన నేవియా,

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇది రాయడానికి కాగితాలు చాలా చించాను.

నేను ఆవిడ గురించి రాయలేదు. నా గురించి రాసుకున్నాను.

నాకు వినపడ్డం లేదు. ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది సగం. ఇన్నేళ్ళ ఇంజను హోరు మెల్లమెల్లగా తినేసిందట, ఇక్కడి డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. రాటర్‌డామ్‌లో రేవు ఫోన్ నుంచి, నేనని తెలియని నంబరుతో నీకు చేశాను. నువ్వు ఎత్తావు. "హలో" అన్నావో లేదో కూడా తెలియక పెట్టేశాను. అందుకే ఉత్తరాలు.

సాంతోస్‌లో నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే ఇంకోటి జరిగింది. నీళ్ళ పంపు బేరింగు అరుస్తోంది. పై అంతస్తులో ఉన్న బెపోకి కూడా వినిపించి పరుగెత్తుకొచ్చాడు. పంపు పక్కనే నేను కాఫీ తాగుతూ నిలబడి ఉన్నాను. ఒకప్పుడు కళ్ళు మూసుకుని ఏ బేరింగు అలిసిపోయిందో చెప్పేవాణ్ణి, నేవియా. బెపో నా మొహం చూశాడు. అప్పట్నుంచి నా పక్కనే తిరుగుతున్నాడు. భోజనాల దగ్గర ఆ గొడవ పెట్టుకున్నది తేసా కోసం కాదు, నా కోసమని ఇప్పుడు అర్థమవుతోంది.

ఈ ప్రయాణం ముగిసే ట్రియెస్టెలో దిగి, ఉద్యోగం కాగితాలు అప్పగించేసి, కంపెనీవాళ్ళు మనుషుల్ని తగ్గించారని నీతో చెబుదామనుకున్నాను. గౌరవంగా తప్పుకోవడమంటే అదే అనుకున్నాను. ఆ నాలుగు ముక్కలు పేజీలో పెట్టాక అంతమంది "నిజమే" అంటుంటే నాకు తీర్పు చెప్పినట్టే ఉంది, ఒకరకంగా హాయిగా కూడా ఉంది. అవతల ఒక మనిషి చదువుతుందని తట్టలేదు.

చెవిటివాడి ముందు శంఖం అని రాశావు చూడు. చదివి ముందు నవ్వాను. తర్వాత ఇంజను గదిలోకి పోయి కూర్చున్నాను.

పేజీలో రాసింది తీసేశాను. దీంతో పాటు ఇంకో కాగితం పెట్టాను, అది అలెమ్కాగారికి. చదివి, ఇవ్వాలనిపిస్తే ఇవ్వు.

నీ,
లివియో

"అలెమ్కాగారికి,

ఆ మాటలు రాసిన నావికుణ్ణి నేనే. నేను నేవియా భర్తను. నాకు చెవులు పోతున్నాయి, భయమేసి రాశాను. మీకు గొంతు పోయిందని విన్నప్పుడు, మీరు తప్పుకుంటే నేనూ తప్పుకోవచ్చు, ఎవరూ నన్ను పిరికివాడనరు అనుకున్నాను. మీ పాత్ర ఎవరు వెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు. మీరు వేస్తే మాత్రం కింద అక్షరాలు చదువుకుంటూనైనా ప్రతి భాగం చూస్తాను. నన్ను క్షమించండి.

లివియో"

*

రియెకా, డిసెంబరు

ప్రియమైన, ప్రియమైన లివియోకి,

నీ ఉత్తరం బల్ల దగ్గరే చదివాను. ఫూమిత్సా నా గిరాకీలను కూడా తనే చూసుకుంది. ఏడుపు అయ్యాక ముందు నీ మీద కోపం వచ్చింది, ఇన్నాళ్ళు ఒక్కడివే మోసినందుకు. తర్వాత శంఖం మాట గుర్తొచ్చి నా నోటి మీద నాకే కోపం వచ్చింది. ఆ రెండూ నువ్వు దిగాక తేల్చుకుందాం. ముందు జరిగింది విను.

ఆ కాగితం పట్టుకుని తడి బూట్లతోనే బస్సెక్కాను. అలెమ్కా తలుపు తియ్యకపోతే కింద సందులోంచి తోశాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. కాగితం ఆవిడ చేతిలో ఉంది.

"ఇతను నీ భర్తా?" అంది ఆ గాలి గొంతుతో.

"అవునండీ. చెవుల సంగతి నాకూ ఇవాళ్టిదాకా తెలీదు."

"భర్తనీ, నన్నూ... ఇద్దర్నీ ఒకేసారి లాగుతున్నావన్నమాట. నీకు చేతులు నొప్పెట్టడం లేదూ?"

"చేపల గంపలు మోసిన చేతులండీ ఇవి. కోటు తొడుక్కోండి" అన్నాను.

తొడుక్కుంది!

గోదాములో తేసా అప్పటికే ఉంది. లివియో, ఆ అమ్మాయిని షాంపూ పిల్ల అన్నందుకు నేనూ ఒక క్షమాపణ బాకీ. అలెమ్కాని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చింది. వెద్రాన్ మొహమాటపడుతూ, "అలెమ్కాగారూ, ఇప్పటికే మాట ఇచ్చేశాం..." అని మొదలుపెట్టాడు. తేసా అడ్డొచ్చి, "నాకు అభ్యంతరం లేదు, ఒక్క సీను ఆవిడతో చదువుతాను, నేను కస్టమ్స్ అధికారిణిగా" అంది.

ఫ్రాంకాని బెదిరించడానికి అధికారిణి వచ్చే సీను. తేసా గొంతెత్తి గదమాయించింది. అలెమ్కా కదల్లేదు. ఏదో అంది. ఎవరికీ వినపళ్ళేదు. తేసా, అలా చెయ్యమని ఎవరూ చెప్పకుండానే, ఒక అడుగు ముందుకేసి వంగింది. అలెమ్కా ఆ పిల్ల కాలరు మీద దుమ్ము దులిపినట్టు దులిపి, ఇంకో మాట అంది. ఏమందో ఇప్పటికీ నాకు తెలీదు. తేసా తన మాట మర్చిపోయి అలాగే నిలబడిపోయింది. దీపాలు పట్టుకునేవాళ్ళు కూడా మెడలు చాచారు.

వెద్రాన్ ఏం చెప్పాడంటే: ముందు మూడు భాగాలు అలెమ్కాతోనే. మొదటి భాగం మొదట్లోనే శత్రువులు ఫ్రాంకా గొంతు కోస్తారు, ఆవిడ బతుకుతుంది, ఇలాగే మాట్లాడుతుంది. జనం ఒప్పుకుంటే ముందుకెళ్తారు, లేకపోతే లేదు. తేసా కస్టమ్స్ అధికారిణి. పేజీలో యుద్ధం ఆగిందనుకుంటున్నావా? "గుసగుసలు వినడానికా మేం టీవీ కొన్నది?" అని కొందరు, "నోరు మూసుకుని వినండి" అని ఇంకొందరు. జవాబులివ్వలేక నా వేళ్ళు పడిపోతున్నాయి. మూడు భాగాల తర్వాత ఏమవుతుందో అలెమ్కాకీ తెలీదు. బయటికి వచ్చాక అడిగితే, "మూడు చాలు, ఇక్కడికి రాక ముందు నాకు ఒక్కటీ లేదు" అంది.

ఇప్పుడు నీ సంగతి. కంపెనీ మనుషుల్ని తగ్గించిందని నువ్వు ఎవరితోనూ చెప్పవు. ఈ ఉత్తరం అందగానే కెప్టెన్ దగ్గరికి నువ్వే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. ఇంజను గదిలో ఇంకో బేరింగు అరిస్తే అది నీ ఒక్కడి ప్రాణంతో పోయేది కాదు. ఒంటరిగా వెళ్ళలేకపోతే బెపోని తీసుకెళ్ళు, అతనికి ఎలాగూ తెలుసు. ఇక్కడ చెవుల డాక్టరు దగ్గర నీ పేరు రాయించాను. మిషను పెడితే ఎంత వినపడుతుందో చూసి గానీ చెప్పలేనన్నాడు. మళ్ళీ ఓడ ఎక్కనిస్తారో లేదో కూడా తెలీదు. ఎక్కనివ్వకపోతే ఏం చెయ్యాలో అప్పుడు ఆలోచిద్దాం, ఇద్దరం. నువ్వు తప్పుకోవాల్సి వస్తే తప్పుకో. దాక్కుని మాత్రం కాదు.

ట్రియెస్టెకి నేను వస్తున్నాను. ఫూమిత్సా బల్ల చూసుకుంటానంది. రేవు నుంచి స్టేషను దాకా నడిచే పోదాం, నాకు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నీతో పోట్లాడాల్సినవి ఇంకా ఎక్కువ ఉన్నాయి. అన్నీ రాశావు గానీ ఒక్కటి రాయలేదు. మిగిలిన ఆ సగం ఏ చెవిలో ఉంది, కుడా, ఎడమా? వెంటనే రాయి. నేను నీకు ఆ పక్కన నడుస్తాను.

నీ,
నేవియా