సంతకం కింది మాట

ముత్తలంకర రేవు, ప్రాజెక్టు భవనం
3 ఏప్రిల్ 2007

శ్రీ బీరాన్ కోయ మూప్పన్ గారికి నమస్కారాలు.

రేవు విస్తరణ పనుల్లో ఖర్చూ గడువూ అదుపు తప్పకుండా చూసే విభాగానికి నేను అధిపతిని. కొత్త జెట్టీ రావలసిన చోట ఇసుకలో కూరుకుపోయిన పాత ఇనుప బార్జిని ఒడ్డుకు లాగే పని మూప్పన్‌గా, అంటే ముఠా పెద్దగా, మీరు నడిపే ఖలాసీ బృందానికి ఇచ్చిన రోజు మీటింగులో ఏం జరిగిందో మీకు తెలియాలి. తొమ్మిదిమంది ఇంజనీర్లు తేలే క్రేను తెప్పిద్దామన్నారు. మోకులతో, దుంగలతో, కండబలంతో లాగే మీవాళ్ల వైపు చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. ఎత్తిన చెయ్యి దించుకునే పని పెట్టకండి.

జూన్‌లో వానలు దిగితే సముద్రం ఎవరి మాటా వినదు. అందుకని షరతు ఒకటే. ప్రతి సోమవారం ఎంత శాతం పని అయిందో ఉత్తరం రాయండి. మీకు కంప్యూటర్ పడదన్నారు కాబట్టి ఉత్తరమైనా సరే. మే 14 నాటి ఉత్తరంలో కూడా సగం పని కనబడకపోతే ఒప్పందం రద్దు చేసి క్రేనును పిలవక తప్పదు. నా బల్లకీ మీ ఒడ్డుకీ పన్నెండు కిలోమీటర్లు. నాకు కనబడేది మీరు రాసిందే.

దీంతోపాటు పటం పంపుతున్నాను. దాన్ని తు.చ. తప్పకుండా అనుసరించండి.

ఇట్లు,
జెస్సీ పున్నూస్

తా.క.: పటం నాలుగు బారల పొడవుంది. గాలి లేని చోట విప్పండి.

*

బార్జి ఒడ్డు
9 ఏప్రిల్, సోమవారం

జెస్సీ మేడం గారికి బీరాన్ కోయ సలాములు.

మేమంతా క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను. మీరు చెయ్యెత్తిన సంగతి మావాళ్లకి చెప్పాను. ఆ చేతికి దిష్టి తగలకూడదని మా ఉస్మాన్ దువా చేశాడు.

ఈ వారం అయిన పని సున్నా శాతం.

ఇట్లు,
బీరాన్ కోయ మూప్పన్

తా.క.: ఎవరింటికైనా వెళ్తే కూర్చున్నంతసేపూ కుశలాలు అడిగి, లేచి గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అసలు మాట చెప్పడం మా పద్ధతి. అందుకే ఇక్కడ రాస్తున్నాను. బార్జి మా ఎడవం నెల అమావాస్య మర్నాడు, అంటే మే 17 గురువారం, మధ్యాహ్నం పోటుకి లేస్తుంది. ఒక రోజు ముందూ లేవదు, వెనకా లేవదు. ఏడాదిలో అంత నీరు ఈ ఒడ్డుకి ఇంకోసారి రాదు. ఆ పూటకి సిద్ధంగా ఉండటమే మా పని.

ఇంకోటి. దుంగలు ఎలా పరవాలో మీరు పంపిన పటం అందింది. ఒక దుంగ అయ్యే చోట ఇంకోటి మొదలై మెట్లుమెట్లుగా దిగడం నా నలభై అయిదేళ్లలో చూడలేదు. అయినా చదువుకున్నవారు గీశారు కదా అని అలాగే పరిచాం. దుంగల పక్కన ఇంగ్లీషులో పేర్లున్నాయి. మేమూ మా దుంగలకి పేర్లు పెట్టుకుంటాం, కాబట్టి అది మాకు వింత కాదు. పటంలో నల్లటి పలకరాళ్లు అయిదున్నాయి. నాలుగు దొరికాయి. అయిదోదానికి మా ఇంటి సన్నెకల్లు పట్టుకొచ్చి పెట్టాను.

*

ప్రాజెక్టు భవనం
12 ఏప్రిల్ 2007

మూప్పన్ గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. సున్నాయే ఉంది. రెండు లారీల మోకులు, కప్పీలు, మోకు చుట్టే నిలువు రాట్నం దిగాయని గేటువాళ్లు రాశారు. రాట్నం పాతారు. అది అయిదు శాతమో పది శాతమో అనుకోవచ్చు కదా. కాస్త ఉదారంగా ఆలోచించండి. మా దగ్గర పునాది తవ్వకముందే పన్నెండు శాతం చూపించే కాంట్రాక్టర్లున్నారు.

మీరు వెనకబడ్డారు కాబట్టి పటాన్ని సవరించాను. అన్నీ కాస్త కుడివైపుకి జరిగాయి. ఇకనుంచి ఇదే అమలు.

ఇట్లు,
జెస్సీ పున్నూస్

తా.క.: పాత పటాన్ని వాడకండి. రెండూ కలిస్తే గందరగోళం.

*

బార్జి ఒడ్డు
16 ఏప్రిల్, సోమవారం

జెస్సీ మేడం గారికి బీరాన్ కోయ సలాములు.

పెళ్లిపందిరి వేశాం, వంటవాడు వచ్చాడు, కాబట్టి పెళ్లి ఇరవై శాతం అయిందని ఎవరూ అనరు. అంటే పెళ్లికూతురి తండ్రి ఊరుకోడు. బార్జి కదిలితే కదిలినట్టు, లేకపోతే లేనట్టు. కదలకముందే ఇంత అయిందని చెప్పుకోవడం మాలో తప్పు. అలా చెప్పిన మూప్పన్ మోకు తెగుతుందని మా తాత అనేవాడు.

ఈ వారం అయిన పని సున్నా శాతం.

ఇట్లు,
బీరాన్ కోయ మూప్పన్

తా.క.: కొత్త పటం ప్రకారం ముప్ఫై ఒక్క దుంగల్నీ ఊడబెరికి ఆరేసి అడుగులు కుడివైపుకి జరిపాం. నాలుగు రోజులు పట్టింది. రాళ్లు కూడా జరిపాం. సన్నెకల్లు లేక ఇంట్లో చేపల కూర వారం నుంచి లేదు. మా ఆవిడ పాత్తుమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కూర లేకపోవడం ఒక్కటే కష్టంగా ఉంది.

మే 17 మధ్యాహ్నం. ముందు ఉత్తరంలో రాశాను. మరిచిపోకండి.

*

ప్రాజెక్టు భవనం
26 ఏప్రిల్ 2007

మూప్పన్ గారికి నమస్కారాలు.

23వ తేదీ ఉత్తరం కూడా సున్నాతో చేరింది. మీ పనికి పెట్టిన ఖర్చు, అయిన పని, రెండూ ఇచ్చి ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే మా కంప్యూటర్ ఆలోచించి ఆలోచించి 'అనంతం' అంది. అదే నిన్న బోర్డు ముందు పెట్టవలసి వచ్చింది. ఛైర్మన్ గారు కళ్లజోడు పైకి తోసి, "పున్నూస్, అనంతం అంటే మే లోపలా, తర్వాతా?" అని అడిగారు. తొమ్మిదిమంది ఇంజనీర్లు తలలు వంచుకుని నవ్వుకున్నారు.

దయచేసి పెళ్లిళ్ల సంగతులు రాయకండి. ఈ పనిలో మీకున్న భయాలు రాసి పంపండి. ఏది ఎదురైతే పని ఆగుతుందో తెలిస్తే నేను కాచుకోగలను. మూడో పటం పంపుతున్నాను. ఎరుపులో ఉన్నవి అతి ముఖ్యం. వాటి మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి.

ఇట్లు,
జెస్సీ పున్నూస్

తా.క.: పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో సున్నాతో ఇంతగా ఏడిపించినవాళ్లు మీరే.

*

బార్జి ఒడ్డు
30 ఏప్రిల్, సోమవారం

జెస్సీ మేడం గారికి బీరాన్ కోయ సలాములు.

భయాలు రాయమన్నారు. నాకు అరవై తొమ్మిదేళ్లు. పాత్తుమ్మ అంటే ఉన్న భయం మీ రేవు ఖాతాలోకి రాదు. ఇక మిగిలింది ఒక్కటే భయం. ఈ పని పోతే ఇంకెవరూ ఖలాసీలని పిలవరు. క్రేను వచ్చి వెళ్లిందన్న మాట తీరమంతా పాకుతుంది. నా ముఠాలో ఉన్న ఇరవై ఇద్దరిలో చిన్నవాడికి నలభై. వాళ్లు మోకు తప్ప ఇంకేదీ పట్టుకోలేరు.

ఈ వారం అయిన పని సున్నా శాతం.

ఇట్లు,
బీరాన్ కోయ మూప్పన్

తా.క.: ఎర్ర దుంగల మీద శ్రద్ధ పెట్టమన్నారు. పదకొండు దుంగలకి ఎర్ర రంగు వేయించాం, రెండు పూతలు. నిన్న మా కోడలు సుహరా బడి సెలవలకి వచ్చి పటం చూసి, ఒడ్డు మీద పరిచింది చూసి, ఇసుకలో కూలబడి నవ్వింది. ఆమె లెక్కల టీచరు. ఎందుకు నవ్విందో పని అయ్యాక చెబుతాను.

మే 17. పన్నెండున్నరకి పోటు నిండుతుంది.

*

ప్రాజెక్టు భవనం
11 మే 2007

మూప్పన్ గారికి నమస్కారాలు.

మే 7 సున్నా కూడా చేరింది. నాలుగో పటం, అయిదో పటం పంపాను. జవాబులో వాటి ఊసే లేదు. ఇంజనీర్లు క్రేనును మాట్లాడేశారు. 19న వస్తుంది. రద్దు కాగితం టైపయింది, నా సంతకమే తరువాయి. అది పోస్టులో పంపడానికి మనసొప్పడం లేదు. మీ భయం చదివిన రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. కానీ మీరు నాకు ఒక్క అంకె ఇవ్వలేదు, ఒక్క తేదీ చెప్పలేదు. ఏం పట్టుకుని మీ తరఫున మాట్లాడను?

బోర్డు వాళ్ల కాళ్లావేళ్లా పడి మూడు రోజుల వ్యవధి తీసుకున్నాను. 17 ఉదయం నేనే వచ్చి కాగితం మీ చేతికిస్తాను.

ఇట్లు,
జెస్సీ పున్నూస్

*

బార్జి ఒడ్డు
14 మే, సోమవారం

జెస్సీ మేడం గారికి బీరాన్ కోయ సలాములు.

17న తప్పకుండా రండి. అయిన పని సున్నా శాతం.

ఇట్లు,
బీరాన్ కోయ మూప్పన్

తా.క.: తేదీ చెప్పలేదంటారేమిటి? అయిదు ఉత్తరాల్లో మే 17 అని చెప్పాను, ఇది ఆరోది. మీరే అదే రోజు వస్తానన్నారంటే గుర్తున్నట్టే కదా, నాతో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాం. పదకొండుకల్లా రండి. మంచి చీర కట్టుకురావద్దు.

*

ప్రాజెక్టు భవనం
21 మే 2007

కోయక్కకి జెస్సీ నమస్కారాలు.

అరచేతులకి పసుపు రాసుకుని, రెండు వేళ్లతో కలం పట్టుకుని రాస్తున్నాను.

ఆ రోజు నేను జీపు దిగేసరికి మీ ఇరవై ఇద్దరూ మోకు పొడవునా నిలబడి ఉన్నారు. మీరు నా వైపు తిరగనైనా తిరగకుండా, "వచ్చావా మోళే? సంచి అక్కడ పడేసి మోకు పట్టుకో, ఒక చెయ్యి తక్కువైంది" అన్నారు. సొంత కూతురిని పిలిచినట్టు పిలిచేసరికి నాకు ఆఫీసు భాష బదులు మీవాళ్లు పెద్దన్నని పిలిచే పిలుపే నోట వచ్చింది.

"కోయక్కా, నేను రద్దు కాగితం తెచ్చాను."

"ఎండగా ఉంది, మడతపెట్టి నెత్తిన పెట్టుకో. ఉస్మానూ, మేడం గారికి చోటివ్వు."

ఉస్మాన్ పాట ఎత్తుకున్నాడు, మీరంతా అందుకున్నారు. "హైలెస్సా" అనడం నాకు చేతగాదనుకున్నాను. మూడో విడతకి నా గొంతే పైకి వినబడింది. పన్నెండూ నలభైకి బార్జి ముక్కు లేచింది. రెండు గంటలకి అది ఒడ్డున ఉంది. నేను ఇసుకలో కూర్చుని ఏడ్చాను. మీరు చూడనట్టు నటించారు, అందుకు కృతజ్ఞతలు.

ఏడుపు ఆగాక తలెత్తి చూస్తే, బార్జి కింద నుంచి నీళ్ల దాకా మెట్లుమెట్లుగా దుంగలు. పదకొండు ఎర్రవి. ఎక్కడో చూశానే అనుకున్నాను. ఉస్మాన్ వచ్చి, "అది 'మొబిలైజేషన్' మేడం, కాస్త వంకర దుంగ, దాని మీద కూర్చోకండి" అనగానే గుర్తుపట్టాను. అది నా అయిదో పటం.

కోయక్కా, ఎలా చెప్పను? అవి దుంగలు కావు, రోజులు. ఒక్కో గీత ఒక్కో పనికి పట్టే కాలం. ఆ నల్ల పలకలు రాళ్లు కావు, ఫలానా తేదీకి ఫలానా పని ముగియాలన్న గుర్తులు. మీరు సున్నా అన్నప్పుడల్లా నేను పటం మార్చాను. పటం మార్చినప్పుడల్లా మీరు దుంగలు మోశారు. గడువులు అదుపులో పెట్టడానికి జీతం తీసుకుంటూ నాలుగుసార్లు మీ పనికి నేనే అడ్డం పడ్డాను.

మర్నాడు ఫైలు తెప్పించి మీ ఉత్తరాల అసలు ప్రతులు మొదటిసారి చూశాను. ఉత్తరాలు నమోదు చేసే సదానందన్ ప్రతి ఉత్తరాన్నీ సంతకం దాకానే కంప్యూటర్లోకి ఎక్కిస్తాడట. నేను చదివేది అదే. "సంతకం పెట్టారంటే ఉత్తరం అయిపోయినట్టే కదా మేడం?" అన్నాడు. మే 17 అని మీరు ఆరుసార్లు రాశారు. ఆరుసార్లూ సంతకం కిందే ఉంది.

క్రేను వద్దని చెప్పేశాం. మీ పని నూరు శాతం అని కొట్టబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఒక్క రోజులో సున్నా నుంచి నూటికి పోవడం అసాధ్యమని, కారణం రాయమని అడిగింది. 'పోటు' అని రాశాను.

ఇట్లు,
మీ జెస్సీ

తా.క.: జులైలో రెండో జెట్టీ మీటింగు. ఈసారి పటం గీయకముందే ఏ అమావాస్యో మిమ్మల్ని అడుగుతాను. మొన్న ఆ మాట అంటే తొమ్మిదిమంది ఇంజనీర్లలో నలుగురు చెయ్యెత్తారు.

*

బార్జి ఒడ్డు
25 మే

జెస్సీ మోళ్‌కి కోయక్క దీవెనలు.

చేతులకి పసుపు చాలదు, కొబ్బరినూనె కూడా రాయి. సదానందన్‌ని ఏమీ అనకు. సంతకం కింద చదవకూడదన్నది అతని పద్ధతి, అక్కడే చెప్పాలన్నది నా పద్ధతి. ఇద్దరం పద్ధతిగా ఉండబట్టే ఇంత గొడవైంది. మా వాళ్లందరూ క్షేమం. పైనాపిల్ తోటల పక్క వంతెన పనికి పిలుపు వచ్చింది. ఉస్మాన్ నీకొక మోకు ముక్క దాచి ఉంచాడు.

ఇట్లు,
బీరాన్ కోయ

తా.క.: సన్నెకల్లు తెచ్చుకుందామని వెళ్తే మీ ఇంజనీర్లు అది కొలతల కోసం పాతిన రాయి అనుకుని చుట్టూ సిమెంటు పోసేశారు. కొత్త జెట్టీ పొడవూ వెడల్పూ ఇప్పుడు దాని దగ్గర నుంచే కొలుస్తున్నారట. ఆ మాట చెప్పాక పాత్తుమ్మ నాతో మాట్లాడింది. రేవంతా తన మసాలా రాయి మీద నిలబడిందని వీధంతా చెప్పుకుంటోంది. ఇంటికి మాత్రం కొత్త రాయి నువ్వే పంపాలట.

ఇంకొక మాట, గుమ్మం దగ్గర. అవి దుంగలు కావు, రోజులని మూడో పటం అప్పుడే సుహరా చెప్పింది. అందుకే నవ్వింది. మరి నాలుగూ అయిదూ ఎందుకు మోశామంటావా? అమావాస్య పోటుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఇరవై ఇద్దరు ఖలాసీలు పద్దెనిమిది రోజులు చేతులు ముడుచుకుని కూర్చుంటే పేకాటలో కొట్టుకుంటారు, ఒళ్లు చల్లబడుతుంది, పోటు వచ్చేసరికి మోకు బరువెక్కుతుంది. ఏం పని పెట్టాలా అని నేను తల పట్టుకున్నప్పుడల్లా నీ దగ్గర నుంచి కొత్త పటం వచ్చింది. ఆ మోతతోనే మావాళ్ల చేతులు 17వ తేదీకి సిద్ధంగా ఉన్నాయి. కాబట్టి నీ పటం పనిచేసింది మోళే. ఎలా పనిచేసిందో మాత్రం బోర్డులో చెప్పకు.