ఎలొదియా పిన్ని ఆపరేషనుకు కావలసిన రెండో సీసా రక్తం

టిహువానా

వంటశాలల తనిఖీ అధికారి, లిసెన్సియాదో ఎవరార్దో సాంతిల్యాన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ రక్తం ఒక సీసా కోరుట గురించి.

1. మా పిన్ని ఎలొదియా, సరిహద్దు దాటి వచ్చే అమెరికా వారి కోసం నడిచే క్యాన్సర్ క్లినిక్‌లో, రోగులకు మందుగా ఇచ్చే క్యారెట్ రసం తీసే ఉద్యోగి. నెలనెలా తమరు తనిఖీకి వచ్చినప్పుడు గ్లాసు అందించేది ఆమే.

2. ఆమె రొమ్ములో కంతి ఉన్నట్లు ప్రభుత్వ ఆసుపత్రిలో తేలినది. ఇప్పుడే కోసేస్తే పోతుందని, ఆలస్యమైతే తాను మాట ఇవ్వలేనని డాక్టరమ్మ చెప్పినది. పిన్ని మాత్రం క్లినిక్ రోగుల పథ్యం పట్టి, కంతికి చక్కెర అందకుండా చేస్తున్నది. టోర్టిల్లా రొట్టె లేదు, చిక్కుడు లేదు. మిగిలిన రసమే ఆహారం. అరచేతులు నారింజ రంగుకు మారినవి.

నేను జీవరసాయన శాస్త్ర పట్టభద్రురాలను. క్యారెట్‌లోనూ చక్కెర ఉంటుందని మనవి చేసుకున్నాను. "నీకు పట్టా ఇచ్చినవాళ్ళ మొహాలు ఎప్పుడైనా చూశావా? పాలిపోయి ఉంటారు" అన్నది.

3. "ఇది ఉండగా ఆసుపత్రి ఎందుకు, డోన్యా ఎలొదియా!" అని తమరు గ్లాసు ఎత్తి సెలవిచ్చి ఉన్నారు. అది మర్యాదకు అన్న మాట అని నేను గ్రహించగలను. పిన్ని ప్రభుత్వ ఉత్తర్వుగా గ్రహించినది.

4. ఎంతో ఏడ్చి, శుక్రవారం ఆపరేషనుకు ఒప్పించాను. రోగి తరఫున ఇద్దరు రక్తం ఇస్తేనే ఆసుపత్రి వారు కత్తి పడతారన్నది తమకు తెలియనిది కాదు. నేను ఇచ్చాను. చూయ్ అనే మా తమ్ముడు, పిన్ని మీది ప్రేమతో ఆమె పేరు చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. కొత్త పచ్చబొట్టు కాబట్టి వాడి రక్తం పనికిరాదన్నారు.

5. పక్కింటి మంగలి తాను ఇస్తానని వచ్చాడు. పిన్ని గుమ్మంలోనే ఆపినది.

"నీ ఒంట్లో పారేది కోలా. అది ఎక్కించుకుని, ఇన్నాళ్ళు పస్తు పెట్టిన కంతికి పెళ్ళి భోజనం పెట్టమంటావా?"

"మరి ఎవరిది కావాలే నీకు, బిషప్‌గారిదా?" అన్నాను.

"ఆయన కేకులు తింటాడు. ఆ తనిఖీ బాబుది తెప్పించు. నా చేతి రసం తాగిన రక్తం అది."

దాత రక్తం బ్యాంకుకు పోతుందని, ఎవరిది ఎవరికి ఎక్కుతుందో తెలియదని నాకు తెలుసు. ఆ సంగతి చెబితే ఆపరేషనే మానుకుంటుంది. నాకు అమ్మ లేదు అయ్యా. పిన్నే ఉన్నది.

కావున పై సంగతులు చిత్తగించి, గురువారం పొద్దున ఆసుపత్రి రక్తదాన విభాగమునకు చొక్కా చేయి మడుచుకుని దయచేయవలెను.

ఇట్లు
తమ రాకకై గేటు వద్ద నిలబడి ఉండు విధేయురాలు,
యారెలి మొంతానో

తా.క.: క్లినిక్ సందు చివర టాకో బండి దగ్గర, రసం తాగిన నోటిని తమరు కోలాతో కడుక్కోవడం చూశాను. ప్రతి నెలా చూశాను. పిన్నికి చెప్పలేదు, చెప్పను. గురువారం తానూ గేటు దగ్గరే కూర్చుంటుందట, మిమ్మల్ని కళ్ళారా చూడాలని. ఆ ఒక్క పూటకి కోలా సీసా కారులోనే వదిలేసి దిగండి.