మూరెడు అర

ఆగస్టు 3, శనివారం. సాయంత్రం 4

ప్రతి శనివారం పాత సామాన్లతో బొమ్మలు చేసే మావాళ్ళందరూ ఈపాటికి టైలరమ్మ షాపు మీది గదిలో ఉంటారు. గమ్ము డబ్బా మూత ఎవరో ఒకరు పోగొట్టే ఉంటారు. నేను మాత్రం నాలుగో అంతస్తులో, అక్క ఇంట్లో, పెద్ద గుండుని భుజాన వేసుకుని ఎడమ చేత్తో వీపు తడుతూ కుడిచేత్తో ఇది రాస్తున్నాను. వాడు తేన్చడు. మొండి.

అక్కకి కవలలు పుట్టారని నెల రోజులు సాయానికి వచ్చాను. ఇది నాలుగో నెల. ఇద్దరికీ నెత్తిన వెంట్రుక లేదు కాబట్టి పెద్ద గుండు, చిన్న గుండు. ఈ వారం అక్క మణికట్లు రెండూ వాచి పట్టీలు పడ్డాయి. పిల్లల్ని ఒళ్ళోకి అందిస్తే పాలివ్వగలదు, ఎత్తుకోలేదు. బావ ఏడింటికి వస్తాడు. మిగిలింది నేను. కాలేజీ అయిపోయింది కాబట్టి అందరి దృష్టిలోనూ నేను ఖాళీ.

ఎవరూ తాళం వెయ్యలేదు. గాలి కోసం తలుపు బార్లా తెరిచే ఉంటుంది. అదే చిరాకు. తాళం ఉంటే కనీసం బద్దలు కొట్టొచ్చు.

ఆగస్టు 5

చెక్క బోర్డు మీద కొత్త పని మొదలుపెట్టాను. డైపర్ల అట్టలు, మాత్రలు తీసేసిన రేకులు, పాలడబ్బా చెంచాలు, బావ పాత చొక్కా కాలరు. స్టూడియో అంటే వంటగట్టు. కుక్కర్ మూడు కూతలు కూసేలోగా ఎంతయితే అంత.

బావకి చూపించాను. ఫోన్లోంచి తలెత్తకుండా బాగుందన్నాడు. అక్కయితే నేను బోర్డు ఇటు తిప్పకముందే చాలా బాగుందే అనేసింది. వెనక చెక్క చూసి.

గదిలో ఎవ్వరూ బాగుందనరు. ఆఖరి అరగంట ఒకరి పని మధ్యలో పెడతాం. చేసిన మనిషి నోరు విప్పకూడదు. మిగతావాళ్ళు చీల్చి చెండాడతారు. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు టైలరమ్మ, ఈ పిల్లకి ఖాళీ అంటే భయం, చోటు కనపడితే చాలు ఓ గుండీ కుట్టేస్తుంది అంది. ఇంటికొచ్చి ఏడ్చాను. మర్నాడు పదకొండు గుండీలు పీకేశాను. ఆవిడ కరెక్ట్.

ఆగస్టు 10, శనివారం

రెండో శనివారం కూడా పోయింది. చిన్న గుండుకి జ్వరం.

ఆగస్టు 11

గదిలో ఒక బీరువా. ఆరుగురం, ఆరు అరలు. తలుపు లోపల కాగితం అంటించి ఉంటుంది: వరుసగా మూడు శనివారములు రానివారు అర ఖాళీ చేయవలెను. ఆ వలెను బైండరు మాష్టారిది. నలభై ఏళ్ళు పుస్తకాలు బైండు చేసీ చేసీ మనిషి కూడా అట్టలా తయారయ్యారు.

మాష్టారికి ఫోన్ చేశాను. జ్వరం సంగతి విని అయ్యయ్యో అన్నారు. ఆ వెంటనే, అర కోసం ఇద్దరు కాచుకుని ఉన్నారమ్మా, వచ్చే శనివారం మాత్రం రావాలి అన్నారు.

నాది పైనుంచి నాలుగో అర. తుప్పు మేకులు, గడియారం ముళ్ళు, చిరిగిన గొడుగు గుడ్డ. నేను పెట్టిన వస్తువు పెట్టినచోటే ఉండేది ఈ ప్రపంచంలో అక్కడొక్కచోటే.

ఆగస్టు 14, సాయంత్రం 6

పెద్ద తప్పు చేశాను.

పాలిచ్చిన టైములు అక్క ఒక కాగితం మీద రాసుకుంటుంది. ఎ అంటే ఎడమ, కు అంటే కుడి. 2.10 ఎ. 4.40 కు. నిద్రమత్తులో రాసిన అంకెలు, ఒక్కోటీ ఒక్కో వైపు వాలిపోయి ఉంటాయి. చూస్తుంటే చెయ్యి ఊరుకోలేదు. పోయిన వారం కాగితమనుకుని బోర్డు మధ్యలో అంటించేశాను. అది ఈ వారానిది. పైన వార్నిష్ కూడా కొట్టాను.

అక్క ఇల్లంతా వెతికి, చివరికి బోర్డు మీద చూసింది. ఆఖరికి నా రొమ్ములు కూడా నీకు ఆర్టేనటే అంది. నాకూ తిక్క రేగింది. ఈ శనివారం కూడా వెళ్ళకపోతే నా అర పోతుంది అన్నాను. అక్క ఆఫీసు మనిషి. అర పూట సెలవనుకుంది. ఉద్యోగమే లేనిదానివి, నీకు అర పూట ఎక్కడిదే అంది.

ఆ అర కాదు, బీరువాలో అర అన్నాను. ఎంతుంటుందట అంది. మూరెడు అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఈ ఇంట్లో నాకు ఆ మూరెడూ లేదే అంది.

ఆగస్టు 17, శనివారం. 2.50

బావ రెండింటికల్లా వస్తానన్నాడు. ఇప్పుడే ఫోన్. మీటింగట. చెప్పులు వేసుకునే సోఫాలో కూర్చున్నాను. బోర్డు ఒళ్ళో ఉంది. గుండ్లిద్దరూ ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు.

3.05

అక్క బోర్డు లాగి చంకలో పెట్టుకుంది. పిండిన పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, వీళ్ళని ఎత్తుకోవడం నా వల్ల కాదు, మెట్లు దిగడం అవుతుంది అంది. నా బదులు గదికి వెళ్ళిపోయింది. నా చెప్పులు ఇంకా కాళ్ళకే ఉన్నాయి.

6.20

వచ్చింది. మోచేతికి గమ్ము.

బోర్డు యజమాని ఎవరని అడిగితే, చేసింది చెల్లెలు, రాత నాది అందట. అయితే యజమాని వచ్చినట్టే, కూర్చోండి, మాట్లాడకూడదు అన్నారట మాష్టారు. అర నిలిచింది. ఆ తర్వాత అరగంట అందరూ కలిసి ఎ, కు అంటే డాన్సు అడుగులని తేల్చారట. ఎడమ కాలు, కుడి కాలు. మాష్టారు లేచి నాలుగడుగులు వేసి మరీ చూపించారట. అక్క అక్కడ పళ్ళు బిగపట్టి కూర్చుందట. ఇక్కడ నవ్వింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా.

చివర్లో టైలరమ్మ కాగితానికి ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, డాన్సూ లేదు పాడూ లేదు, ఇది రాసినావిడ నిద్రపోయి చాలా రోజులైంది అందట.

ఆ మాట ఇంట్లో ఒక్కరైనా అన్నారటే అంది అక్క. ఇప్పుడు నవ్వడం లేదు.

నేనూ అనలేదు. రోజూ ఆ కాగితం చూస్తూనే ఉన్నాను. గీతలు బాగున్నాయి అనుకున్నాను.

ఆగస్టు 19

అక్క బోర్డుని గోడకి ఆనించి అయిదు నిమిషాలు చూసింది. కింద మూల అబద్ధం అంది. చెంచాలు అంత వరసగా ఎందుకున్నాయి, మన వంటగట్టు ఎప్పుడైనా అలా ఏడిచిందా అంది.

పీకేశాను. కరెక్ట్.

నాలుగు నెలల కాగితాలు ఒక్కటీ పారెయ్యలేదట. కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నాకిస్తున్నావా అంటే కాదంది. అరలో సగం నాది, ఒక వారం నువ్వు, ఒక వారం నేను అంది. బావకి కూడా చెప్పింది. గట్టిగానే.

ఆగస్టు 24, శనివారం. 2.40

రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. బావ అర పూట సెలవు పెట్టాడు. పైన ఏడుపు. ఆగి విన్నాను. చిన్న గుండు. ఆకలేడుపు కాదు.

దిగుతున్నాను.