గాజులు కొనని ఆమె

అత్తమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గాజుల దుకాణంలో కూర్చుంటే సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. ఎవరు కొంటారో, ఎవరు బేరమాడి పోతారో నీకు చూడగానే తెలిసేది. నాకింకా తెలియడం లేదు.

ఈ మధ్యాహ్నం కరెంటు ప్లాంటు కాలనీ నుంచి ఒకామె వచ్చింది. డబ్బాలన్నీ తీయించి, ఏదీ కొనలేదు.

"ఏం కావాలమ్మా నీకు?" అని విసుక్కున్నాను.

"ఏం వద్దక్కా. మా ఆయన డ్యూటీకి పోతే ఇంట్ల మాట్లాడేటోళ్లు లేరు. మీ అత్తమ్మ ఉన్నప్పుడు గిట్లనే వస్తుంటి. నా చేయి పట్టుకొని గాజులు తొడిగి, మళ్ల తీస్తుండె."

"కూసో," అని ఆమె చేయి అందుకున్నాను. గాజులు తొడుగుతూ చాలాసేపు మాట్లాడాను. నువ్వు పోయాక నాకూ మాట్లాడేవాళ్లు లేరని అప్పుడే తెలిసింది.