రాడ్డు నా వ్యాన్‌లో ఉంది

బామ్మర్దీ, నీ బరువులెత్తే రాడ్డు కోసం ఇల్లంతా వెతక్కు. డెలివరీ వ్యాన్‌లో వేసుకుని పోతున్నాను. ఈ ఇంట్లో నా మాట విని వెంట వచ్చేది అదొక్కటే. ఇవాళా రేపూ కసరత్తు మానెయ్. కడుపునిండా తిని పడుకో. రాడ్డు లేదని గ్యాస్ సిలిండర్ ఎత్తుతావేమో, మీ అక్కను కాపలా పెట్టే వెళ్తున్నాను.

పోయిన వారం ఆడుతూ పాడుతూ ఎత్తిన బరువు నిన్న నీ చేతిలోంచి జారింది. గచ్చు పగిలింది, నీ కాలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. "ఏమైందిరా?" అని పరిగెత్తుకొచ్చిన అక్కను "నీకేం తెలుసు, పో!" అని కసిరావు. నువ్వు దాన్ని కసరడం నేనెప్పుడూ చూడలేదు. నిద్ర పట్టక ఎన్నాళ్లయిందిరా నీకు?

కండలు పెంచే సూది మందులు లేకుండా పోటీకి దిగుతానన్నప్పుడు భుజం తట్టింది నేనే. మరి ఆ మందులు పొడిపించుకునే వాళ్లతో సమానంగా రెండు పూటలా బరువులు లాగితే నీ ఒళ్లు కోలుకునేదెప్పుడు? ఇలాగైతే పోటీనాడు స్టేజీ మీద కాదు, ఆస్పత్రి మంచం మీద ఉంటావు.

కోపమొస్తే రానీ. ఈ ఇంట్లో నాకది కొత్తేం కాదు.

మరిచాను. ఎల్లుండి రాడ్డు తెస్తాను. మెట్లెక్కించేదీ నేనే, నువ్వు చెయ్యి వెయ్యకు. మూటలు మోసి నా నడుము ఎప్పుడో పోయింది, నీదైనా మిగలనీ.