మోకాళ్ళ పోటీలో కుదిరిన సంబంధం

అక్కా,

నిన్న మధ్యాహ్నం సెలవుల క్యాంపులో మోకాళ్ళ పోటీ జరుగుతుండగా మా అమ్మాయి డోరీన్ పెళ్ళి ఖాయమైంది. పెళ్ళివారి గురించి నువ్వు, "వాళ్ళు ఏటా సెలవులకు ఫ్రాన్స్ వెళ్ళే మనుషులు. స్కెగ్నెస్‌లో సముద్రం ఒడ్డున మీ చెక్కగది చూశారంటే సంబంధం వద్దంటారు" అన్నావు గుర్తుందా? పిల్లవాడి తండ్రి, జడ్జి పెన్‌ఫోల్డ్ గారు, మమ్మల్ని చూడటానికి ఇక్కడికే వచ్చారు. ఎముకలు తేలిన మోకాళ్ళకు బహుమతి అని మైకులో చెప్పగానే మా ఆయన, "రండి జడ్జిగారూ, ఆ ప్యాంటు మడవండి!" అని కేకేశారు. నాకు ప్రాణం పోయినంత పనైంది.

జడ్జిగారు నింపాదిగా ప్యాంటు మడిచి వేదికెక్కారు. "ఇన్నాళ్ళూ నల్లగౌను కింద దాచాను. తీర్పు మీదే" అన్నారు. బహుమతి మాత్రం మా ఆయనకే వచ్చింది. "ఈ మోకాళ్ళతో వియ్యమందకపోతే ఎలా, విల్ఫ్!" అంటూ జడ్జిగారే ముందుగా వచ్చి మా ఆయనతో చేయి కలిపారు. ఆ మాటలో ఎక్కడా వెక్కిరింత లేదక్కా.

శుక్రవారం మూడుకాళ్ళ పరుగు ఉంది. వియ్యంకులిద్దరూ జంటగా పరుగెడతారట; వాళ్ళ చెరో కాలూ కలిపి కట్టే పని నాది.