తల వాల్చి చూసే వంశం

అక్కా,

కార్డు చూసి కంగారుపడకు, బాగానే ఉన్నాను. స్టూడియోలో నేను తీసిన పాస్‌పోర్టు ఫొటోలన్నీ తిరిగొచ్చాయి. ఒక్కరి తలా తిన్నగా లేదట! తిన్నగా కూర్చున్నవాళ్లని నేనే "కాస్త ఇటు వంచండి" అని వంచి మరీ తీశానట. మా ఓనరు నెత్తీ నోరూ బాదుకుని కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తోలాడు.

ఆవిడ నా కళ్లు చూసి, తర్వాత నా పొడుగాటి వేళ్లు చూసి, "మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా తల వాల్చి చూస్తారా?" అంది.

"నాన్న దగ్గర్నుంచీ అందరం అంతేనండీ. అది మా వంశం ఠీవి" అన్నాను.

"ఠీవి కాదు నాయనా, జబ్బు. కంట్లో లెన్సుని పట్టుకునే దారాలు మీకు పుట్టుకతోనే వదులు. లెన్సు పక్కకి జారింది, అందుకే తల వాల్చి చూస్తారు" అంది.

నాకు ఆపరేషన్ చేస్తారట. నువ్వు ముందు పాపని చూపించు. పుస్తకం ముందు వంకరగా కూర్చుందని మొట్టకు. ఇదే వదులు గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోనూ ఉండొచ్చట, నువ్వూ పాపా ఇద్దరూ అదీ పరీక్ష చేయించుకోండి. స్వెట్టరు అందింది, ఎప్పట్లాగే చేతులు పొట్టి. బావకి నమస్కారాలు, పాపకి ముద్దులు.

అన్నట్టు, గోడమీద నాన్న ఫొటో వంకరగా ఉందని రోజూ సర్దకు. ఫొటో తిన్నగానే ఉంది. నాన్నే మనల్ని అలా చూస్తున్నాడు.

నీ తమ్ముడు